మూడంకెల ముద్ర: కంపైలరు విడుదలల కథ

గత సంవత్సరం దీపావళి సెలవులలో మా కుటుంబ మిత్రుల అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కౌలాలంపూరులో సైద్ధాంతిక రసాయన శాస్త్రంలో పరిశోధన ప్రారంభించిన విద్యార్థిని. చేతిలో ఒక కాగితం. నా పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథంలో ప్రకటించిన పదకొండు అణువుల శక్తి విలువలను తన కంప్యూటరుపై తిరిగి గణించి, ఎడమవైపు నా అంకెలు, కుడివైపు తన అంకెలు వేసి తెచ్చింది. ఏడింటికి అంకెలు కలిశాయి. నాలుగింటికి కలవలేదు. ఆ నాలుగింటిలో ఒక అణువుకైతే శక్తి మాత్రమే గాక ఆకృతి కూడా వేరుగా తేలింది. నా గణనలో మడత పడిన గొలుసు, ఆమె గణనలో చాచుకొని ఉన్నది.

ప్రోగ్రాము ఒక్కటే. నేను ఫోర్ట్రాన్ భాషలో వ్రాసినదే ఆమెకు ఇచ్చాను. అందులో ఒక్క అక్షరం మార్చలేదని ఆమె చెప్పింది. నమ్మకపోవడానికి నాకు కారణం లేదు.

"బాబాయిగారూ, మీరు దీన్ని ఏ కంపైలరుతో చేశారు?" అని అడిగింది.

"జి.సి.సి. తోనేనమ్మా."

"అది తెలుసండీ. ఏ వెర్షను?"

నా దగ్గర సమాధానం లేదు. అదే గ్రంథంలో, ప్రయోగశాలలో వాడిన ప్రతి ద్రావణికీ తయారీదారు ఎవరో, శుద్ధత ఎంతో, ఏ సీసా ఏ బ్యాచిలోనిదో శ్రద్ధగా వ్రాసుకున్నాను. కంపైలరు విషయంలో మాత్రం "లినక్సు కంప్యూటరుపై గణించబడినవి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాను. పరీక్షకులు కూడా అడగలేదు. ఆ అమ్మాయి ప్రశ్నకు సమాధానం వెదకుతూ మేమిద్దరం కొన్ని నెలలు గడిపాము. ఆ వెదుకులాటలో తెలుసుకున్నది ఈ వ్యాసంలో చెబుతాను. మన పిల్లలలో చాలామంది కంప్యూటరు రంగంలోనే ఉన్నారు కనుక వారికి కొన్ని సంగతులు తెలిసినవే కావచ్చు. పెద్దల కోసం మొదటి నుంచి మొదలుపెడతాను.

మనుషులు వ్రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాధనాన్ని కంపైలరు అంటారు. మలయా తోటల కథలు విన్నవారికి కంగాణి తెలిసే ఉంటాడు. దొర ఒక భాషలో చెప్పిన పనిని కంగాణి కూలీల భాషలో చెప్పేవాడు. "ఈ వరుసలు ముగించండి" అని మాత్రమే దొర అంటాడు. ఏ చెట్టుతో మొదలుపెట్టాలో, ఎవరు ఎటు వెళ్ళాలో కంగాణి చూసుకుంటాడు. ఇద్దరు కంగాణీలు ఒకే ఆజ్ఞను రెండు విధాలుగా అమలు జరిపించగలరు. కంపైలరు కూడా అర్థం చెడకుండా, యంత్రం వేగంగా పని చేసేటట్లు ఆదేశాల క్రమాన్ని తనకు తోచినట్లు సర్దుతుంది. పూర్ణాంకాలతో లెక్క అయితే ఎటు సర్దినా జవాబు ఒకటే. దశాంశ సంఖ్యల దగ్గరే చిక్కు.

ఒక చిన్న లెక్క చూడండి. మన యంత్రం ఏ సంఖ్యలోనైనా మూడంకెలు మాత్రమే నిలుపుకోగలదు అనుకుందాము. 1.23ను 4.56తో గుణించి, వచ్చినదానిలో నుంచి 5.60 తీసివేయాలి. గుణిస్తే 5.6088, మూడంకెలకు కుదిస్తే 5.61, అందులో 5.60 పోతే 0.01. ఇది ఒక పద్ధతి. ఈనాటి ప్రాసెసర్లలో గుణకారాన్ని, కూడికను కలిపి ఒకే ఆదేశంగా చేసే సదుపాయం ఉన్నది. అందులో మధ్యలో కుదింపు లేదు, చివర ఒక్కసారే. అప్పుడు 5.6088లో నుంచి 5.60 పోయి 0.0088 వస్తుంది. అసలు జవాబు కూడా 0.0088 కనుక రెండవ పద్ధతే మేలైనది. కాని 0.01కీ 0.0088కీ తేడా నూటికి పన్నెండు పాళ్ళు! నిజమైన యంత్రాలు మూడంకెలు కాదు, దాదాపు పదహారు అంకెలు నిలుపుకుంటాయి. కనుక తేడా ఎక్కడో చివరి అంకెలలో ఉంటుంది. అయితే అణువు ఆకృతిని వెదకే గణన వేల మెట్లు దిగుతుంది. శక్తి తలం చదునుగా ఉన్న చోట, రెండు లోయల మధ్య గట్టు మీద నిలిచిన గోళీ వలె, ఆ చివరి అంకె ఎటు నెట్టితే అటు దొర్లుతుంది.

పై రెండు పద్ధతులలో ఏది వాడాలో మనం ప్రత్యేకంగా చెప్పకపోతే కంపైలరే నిర్ణయిస్తుంది. క్లాంగ్ అనే ప్రసిద్ధ కంపైలరు 2022లో వచ్చిన 14వ వెర్షనుతో ఈ నిర్ణయాన్ని మార్చింది. అంతకు ముందు, మనం కోరితే తప్ప గుణకారాన్నీ కూడికనూ కలిపేది కాదు. 14 నుంచి ఒకే వ్యక్తీకరణలో ఉన్నవాటిని, ప్రాసెసరుకు ఆ శక్తి ఉంటే, తనంతట తానే కలుపుతుంది. విడుదల పత్రంలో ఈ సంగతి స్పష్టంగా ప్రకటించారు. అయినా విడుదల పత్రాలు చదివేవారు ఎందరు? అంటే, 13తో చేసిన లెక్కకూ 14తో చేసిన లెక్కకూ చివరి అంకెలు కలవకపోతే అది ఎవరి తప్పూ కాదు. ఏది 13తో చేసినదో, ఏది 14తో చేసినదో వ్రాసిపెట్టుకోకపోతే మాత్రం తప్పు మనదే.

ఇటువంటి అనుభవం రసాయన శాస్త్రజ్ఞులకు ఒకసారి బహిరంగంగానే ఎదురైంది. అణువుల ఎన్.ఎం.ఆర్. విలువలను గణించే కొన్ని పైథాన్ ప్రోగ్రాములు 2014లో ప్రచురితమై విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. 2019లో హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు, అవే ప్రోగ్రాములు అవే దత్తాంశాలకు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టముల మీద వేర్వేరు జవాబులు ఇస్తున్నాయని కనుగొన్నారు. ఫైళ్ళను ఏ వరుసలో అందించాలన్నది ఒక్కొక్క సిస్టము ఒక్కొక్క విధంగా తీర్చుకుంటున్నది. ప్రోగ్రాము మాత్రం ఒక ప్రత్యేకమైన వరుసను నమ్ముకున్నది. వందకు పైగా పరిశోధన వ్యాసాల మీద ఈ అనుమానపు నీడ పడింది. అక్కడ దోషం కంపైలరుది కాదు. కాని "ప్రోగ్రాము అదే కదా" అన్న నా ధీమా ఎంత బలహీనమైనదో ఆ ఉదంతం చెప్పకనే చెబుతుంది.

ఇక వెర్షను అంకెల సంగతి. ఇది చెప్పడానికి రబ్బరు కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. యౌవనంలో పేరాక్ రాష్ట్రంలోని ఒక రబ్బరు కార్ఖానాలో కెరాణిగా పని చేశారు. ఆ రోజులలో పొగలో ఆరబెట్టిన గీతల షీట్లను ఎండకు ఎత్తి పట్టుకొని, రంగు, మచ్చలు, బుడగలు కంటితో చూసి తరగతి నిర్ణయించేవారట. "ఒకరి కంటికి మొదటి రకం, ఇంకొకరి కంటికి మూడో రకం. కొనేవాడి కన్ను ఎప్పుడూ మూడోదేనండీ" అంటారాయన నవ్వుతూ. 1965లో మలేషియా ప్రామాణిక రబ్బరు పథకం వచ్చి ఆ పద్ధతిని మార్చింది. ప్రయోగశాల పరీక్షలు చేసి, 33.3 కిలోల దిమ్మలుగా చేసి, పాలిథీన్‌లో చుట్టి, ఎస్.ఎం.ఆర్. 5, ఎస్.ఎం.ఆర్. 10, ఎస్.ఎం.ఆర్. 20 అని ముద్ర వేయసాగారు. ఆ అంకెలు మొదట మలిన పదార్థపు గరిష్ఠ పరిమితిని సూచించేవి: 5 అంటే నూటికి 0.05, 10 అంటే నూటికి 0.10. ముద్ర చూస్తే చాలు, దిమ్మను విప్పకుండానే కొనుగోలుదారుకు సరుకు తెలుస్తుంది.

కాలక్రమంలో పరిమితులను బిగించారు. ఇప్పుడు ఎస్.ఎం.ఆర్. 10కి మలినం హద్దు 0.08, ఎస్.ఎం.ఆర్. 20కి 0.16. పేరు మాత్రం 10గానూ 20గానూ నిలిచిపోయింది. ముద్ర అదే, దాని వెనుక ఉన్న మాట మారింది. కంపైలర్ల ప్రపంచంలో ఈ రెండు రకాల సంఘటనలూ జరుగుతూనే ఉంటాయి.

జి.సి.సి. అనే కంపైలరు మొదటిసారి 1987లో వెలువడింది. ఇది ఓపెన్ సోర్సు, అంటే మూల పాఠం అందరికీ బాహాటంగా లభించేది. ఎవరైనా చదువవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు. ఈ స్వేచ్ఛ వలన ఒక చిక్కు కూడా పుడుతుంది. ఎవరు కట్టినదైనా జి.సి.సి. యే కనుక, ఏది "అసలు విడుదల" అన్న ప్రశ్న వస్తుంది. 2000వ సంవత్సరంలో ఇది రచ్చకెక్కింది. రెడ్ హ్యాట్ లినక్సు 7వ సంచికలో ఉన్న కంపైలరు తనను తాను 2.96 అని చెప్పుకున్నది. అసలు జట్టు విడుదల చేసినది 2.95, తరువాత 2001లో విడుదల చేసినది 3.0. మధ్యలో 2.96 అనే విడుదలే లేదు! అభివృద్ధిలో ఉన్న ప్రతిని ఒక తేదీన తీసుకొని, మరమ్మతులు చేసి, పంచిపెట్టారు. అటువంటి విడుదల తమది కాదని జి.సి.సి. నిర్వాహక సంఘం ప్రకటించవలసి వచ్చింది. ఆ సంస్థ వాదన ఆ సంస్థకు ఉన్నది: పాత 2.95 కొన్ని యంత్రాలకు పనికిరాదని, కొత్తది సిద్ధం కాలేదని. అయినప్పటికీ ఆ కంపైలరుతో చేసిన సి ప్లస్ ప్లస్ లైబ్రరీలు 2.95తో గాని, 3.0తో గాని పొసగలేదు. సాధారణ వినియోగదారుడు నడుమ నలిగిపోయాడు.

2015లో అయిదవ సంచికతో జి.సి.సి. వారు అంకెల అర్థాన్నే తిరిగి నిర్వచించారు. ఒక మాను, దాని కొమ్మలు అనుకోండి. రోజువారీ మార్పులన్నీ మాను మీద జరుగుతాయి. అప్పుడు దాని అంకె 5.0.0. విడుదల దగ్గరపడి, తప్పులు దిద్దడం తప్ప కొత్తవి చేర్చరాదు అనుకున్నప్పుడు 5.0.1. లోకానికి విడుదల చేసినది 5.1.0. ఆ తరువాత ఆ కొమ్మ మీద దిద్దుబాట్లు సాగుతూ ఉంటే దాని పేరు 5.1.1. అవన్నీ చేర్చి మళ్ళీ విడుదల చేస్తే 5.2.0. అంటే, మూడవ స్థానంలో సున్న ఉంటేనే అది విడుదల. ఒకటి ఉంటే, అది రెండు విడుదలల నడుమ ఒకనాటి ప్రతి. ఎంత పొదుపైన ఏర్పాటో చూడండి!

ఇది తెలిసినప్పటి నుంచి నేను ఏ కంప్యూటరు ముందు కూర్చున్నా ముందు ఆ మూడవ అంకె చూస్తున్నాను. 2021లో వచ్చిన డెబియన్ 11లో జి.సి.సి. తన పేరు 10.2.1 అని, పక్కనే 20210110 అని చెబుతుంది. అది విడుదల కాదు, 10.2.0 తరువాత, 2021 జనవరి 10వ తేదీన కొమ్మ ఎలా ఉన్నదో ఆ ప్రతి. దానికి డెబియన్ వారు తగిలించిన పూర్తి అంకె 10.2.1-6. గీత తరువాతి 6 జి.సి.సి. వారిది కాదు, డెబియన్ వారిది: అదే సరుకును వారు ఆరవసారి మూట కట్టారన్నమాట. ఆ మూటలో వారు చేర్చిన అతుకులు, ఎంచుకున్న ఐచ్ఛికాలు ఉంటాయి. డెబియన్ 12లో అది 12.2.0-14. ఇక్కడ మూడవ అంకె సున్న. "జి.సి.సి. 12 వాడాను" అని వ్రాయడానికీ, "డెబియన్ 12.2.0-14 వాడాను" అని వ్రాయడానికీ ఉన్న తేడా, "ఆల్కహాలు వాడాను" అనడానికీ సీసా మీది చీటీ అంతా ఎత్తి వ్రాయడానికీ ఉన్న తేడా వంటిదే.

మన తెలుగునాటి నుంచి ఒక ఉదాహరణ ఉన్నది. అది రెండవ పెద్ద కంపైలరు ఎల్.ఎల్.వి.ఎం.కు సంబంధించినది. దీన్ని 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో విక్రమ్ అడ్వే పర్యవేక్షణలో క్రిస్ లాట్నర్ మొదలుపెట్టాడు. 2003లో 1.0 వచ్చింది. పైన చెప్పిన క్లాంగ్ దీని కుటుంబంలోనిదే. మొదట అంకెలు నెమ్మదిగా నడిచాయి: 2016లో 3.9. మరుసటి సంవత్సరం 4.0 నుంచి ఆరు నెలలకు ఒక కొత్త పెద్ద అంకె అని నియమం పెట్టుకున్నారు. జనవరిలో, జూలైలో మాను నుంచి కొమ్మ చీలుతుంది. పరీక్ష ప్రతులు రెండో మూడో వస్తాయి. ప్రపంచంలోని వాలంటీర్లు తమ తమ యంత్రాలపై పరీక్షించి దోషాలు చెబుతారు. ఆ కొమ్మ మీదికి దిద్దుబాట్లను మాత్రమే ఏరి తెస్తారు. 2024లో 18వ సంచిక నుంచి వీరు కూడా జి.సి.సి. దారి పట్టారు. మొదటి విడుదల 18.1.0, 18.0 అన్నది అభివృద్ధిలో ఉన్న ప్రతికే.

సంగారెడ్డి జిల్లా కంది దగ్గర ఉన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో ఆచార్య రామకృష్ణ ఉపద్రష్ట బృందం ఈ ఎల్.ఎల్.వి.ఎం. మీద పనిచేస్తున్నది. వారు 2020లో ఐ.ఆర్.టు.వెక్ అనే సాధనాన్ని ప్రచురించారు. కంపైలరు మన ప్రోగ్రామును నేరుగా యంత్రభాషలోకి మార్చదు. నడుమ ఒక మధ్యంతర భాషలోకి మారుస్తుంది. ఆ మధ్యంతర రూపాన్ని సంఖ్యల పట్టికగా మార్చి, కృత్రిమ మేధ పద్ధతులకు అందించడం ఐ.ఆర్.టు.వెక్ పని. రెండు ప్రోగ్రాముల పోలికను, ఏ మెరుగుదల దేనికి పనికివస్తుందో ఆ సంఖ్యల నుంచి అంచనా కట్టవచ్చు. దీనిని కూడా ఓపెన్ సోర్సుగానే అందరికీ ఇచ్చారు.

మధ్యంతర భాషపై ఆధారపడిన సాధనానికి ఒక నిత్య కష్టం ఉన్నది. ఎల్.ఎల్.వి.ఎం. తన లోపలి ద్వారాలను ఒక సంచిక నుంచి ఇంకొక సంచికకు మార్చకుండా ఉంచుతానని మాట ఇవ్వలేదు. ఆరు నెలలకొకసారి ఇల్లు సర్దుతుంది. సర్దినప్పుడల్లా బయట కట్టుకున్న వసారాలన్నీ సరిచూసుకోవాలి. అందులో పెద్ద సర్దుడు 2022లో జరిగింది. అప్పటి వరకు మధ్యంతర భాషలో ఒక జ్ఞాపక స్థానాన్ని సూచించేటప్పుడు, అక్కడ ఉన్నది పూర్ణాంకమా, దశాంశ సంఖ్యా అని కూడా పక్కన వ్రాసేవారు. 15వ సంచికలో ఆ వివరణ లేకుండా "ఇది ఒక స్థానం" అని మాత్రమే వ్రాయడం సహజ స్థితి అయింది. 2023లో 17వ సంచికతో పాత పద్ధతిని పూర్తిగా తొలగించారు. ఆ వివరాన్ని నమ్ముకొని బయట కట్టుకున్న సాధనాలన్నిటికీ తిప్పలు తప్పలేదు. కనుకనే ఇటువంటి సాధనాల విడుదలలన్నిటి మీద "ఇది ఎల్.ఎల్.వి.ఎం. ఫలానా సంచికకు" అని రెండవ అంకె కూడా వ్రాయవలసి ఉంటుంది. ఐ.ఆర్.టు.వెక్ మాత్రం చివరకు వసారాలో ఉండిపోలేదు. 2025లో అది ఎల్.ఎల్.వి.ఎం. మూలంలోనే చేరింది. లోపల చేరిన తరువాత, ఎవరైనా గోడ కదిపితే అక్కడి పరీక్షలే కేక వేస్తాయి. కందిలో మొదలైన పనికి ఇది చిన్న గౌరవం కాదు.

ఇప్పుడు మూట కట్టడం దగ్గరికి వద్దాము. కంపైలరును కట్టడానికి కంపైలరే కావాలి కదా, మరి కొత్త కంపైలరు సరిగా ఉన్నదని ఎలా తెలుస్తుంది? జి.సి.సి. వారి పద్ధతి రసాయన శాస్త్రజ్ఞునికి ముచ్చట గొలుపుతుంది. కంప్యూటరులో ఉన్న పాత కంపైలరుతో కొత్తదాన్ని ఒకసారి కడతారు. అలా వచ్చినదానితో అదే మూల పాఠాన్ని రెండవసారి కడతారు. ఆ వచ్చినదానితో మూడవసారి కడతారు. రెండవ దఫా, మూడవ దఫా వచ్చినవాటిని బైటు బైటూ సరిపోల్చుతారు. తేడా ఉండకూడదు. ఉంటే నిర్మాణం అక్కడితో ఆగిపోతుంది. మేము స్ఫటికీకరణ చేసేది ఇలాగే: రెండు వరుస స్ఫటికీకరణల తరువాత ద్రవీభవన స్థానం మారకపోతే పదార్థం శుద్ధమైనదని నమ్ముతాము. అలా తేలిన మూల పాఠాన్ని ఒకే ఫైలుగా చుట్టి, దానికి ఎలక్ట్రానిక్ సంతకం చేసి విడుదల చేస్తారు. దారిలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు.

సంతకం ఉన్నంత మాత్రాన మూటలో ఉన్నది మంచిదేనని కాదు. 2024 మార్చిలో ఎక్స్.జెడ్. అనే కుదింపు సాధనం విషయంలో బయటపడినది ఇదే. అందరూ చూసే మూల పాఠంలో లేని దుష్ట భాగం ఒకటి, విడుదల మూటలో మాత్రం ఉన్నది. మూట కట్టిన చేయి నమ్మకంగా మెలగిన చేయే. అదృష్టవశాత్తు, ఒక లాగిన్ అర సెకను ఆలస్యంగా జరుగుతున్నదేమని ఆరా తీసిన ఒక ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు.

కంపైలరు మూటలో కంపైలరు ఒక్కటే ఉండదు. అది తయారు చేసిన ప్రోగ్రాములు నడవడానికి అవసరమైన లైబ్రరీ కూడా ఉంటుంది. ఫోర్ట్రాన్ ప్రోగ్రాములకు అది లిబ్‌జిఫోర్ట్రాన్. దీనికి వేరే వరుస సంఖ్య ఉన్నది, కంపైలరు వెర్షనుతో దానికి సంబంధం లేదు. 4.3 నుంచి 6 వరకు అన్ని కంపైలర్లకూ లైబ్రరీ సంఖ్య 3. ఏడవ సంచికకు 4. ఎనిమిది నుంచి 5. ఈ సంఖ్య మారలేదంటే, పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీతో కూడా నడుస్తుందని హామీ. మారిందంటే ఆ హామీ రద్దయిందని. కంపైలరు మీది అంకె ఎదుగుదలను చెబితే, లైబ్రరీ మీది అంకె పొత్తును చెబుతుంది. నా దృష్టిలో రెండవదే విలువైనది. దాని గురించి మాట్లాడేవారు మాత్రం తక్కువ.

ఇక మా వెదుకులాట. అమ్మాయి కట్టినది ఇటీవలి కంపైలరుతో. 2020లో వచ్చిన పదవ సంచిక నుంచి జి.సి.సి. ఫోర్ట్రాన్ ఒక విషయంలో కఠినమైంది. ఒక ఉపప్రోగ్రామును ఒక చోట ఒక రకం విలువలతో, ఇంకొక చోట వేరొక రకం విలువలతో పిలిస్తే అదివరకు హెచ్చరికతో వదిలివేసేది. పదవ సంచిక నుంచి తప్పు అని నిలిపివేస్తుంది. నా ప్రోగ్రాము నిండా అటువంటి పిలుపులే. మా తరం ఫోర్ట్రాన్ అలాగే వ్రాసింది. అమ్మాయి ఆ నియమాన్ని సడలించే ఐచ్ఛికం ఇచ్చి ముందుకు సాగింది. ఆ తరువాత నా పాత ప్రారంభ ఫైళ్ళు తెరుచుకోలేదు. "పాడైపోయాయేమో" అనుకొని, పాపం, వాటిని వదిలి ప్రారంభ ఆకృతులను తానే కొత్తగా తయారు చేసుకున్నది.

ఆ ఫైళ్ళు పాడవలేదు. ఫోర్ట్రాన్ తన సొంత రూపంలో ఫైలు వ్రాసేటప్పుడు ప్రతి భాగానికీ ముందూ వెనుకా దాని పొడవును నమోదు చేస్తుంది. జి.సి.సి.లో కొత్త ఫోర్ట్రాన్ 2005లో 4.0తో వచ్చింది. దాని తొలి సంచికలు చాలా యంత్రాలలో ఆ పొడవును 8 బైట్లలో వ్రాసేవి. తరువాత, ఇతర కంపైలర్లతో పొత్తు కుదరడానికి 4 బైట్లకు మార్చారు. 8 బైట్ల ఫైలును 4 బైట్లుగా చదివితే, మొదటి సగంలో పొడవు సరిగానే దొరుకుతుంది. మిగిలిన సగంలోని సున్నలను దత్తాంశం అనుకుంటుంది. చివరికి వెళ్ళేసరికి లెక్క తప్పి, ఫైలు చెడినదని చెబుతుంది. పాత ఫైళ్ళు చదువదలచినవారు పొడవు 8 అని చెప్పి నడపాలని కంపైలరు గ్రంథంలోనే వ్రాసి ఉన్నది. అలాగే చేశాము. నా ప్రారంభ ఆకృతులన్నీ తెరుచుకున్నాయి. వాటితో మళ్ళీ గణిస్తే నాలుగింటిలో ఒకటి కలిసింది. ఆకృతి వేరుగా తేలినది అదే. మడత పడిన గొలుసు తిరిగి మడత పడింది.

మిగిలినవి మూడు. అప్పటికి నా కంపైలరు 8 బైట్లు వ్రాసే తొలి సంచికలలోనిది అని తేలింది గాని, ఏదో తెలియదు. విశాఖపట్నంలో మా అమ్మగారి ఇంటి అటక మీది ట్రంకు పెట్టెలో పాత సి.డి.లు ఉన్నాయని గుర్తు. మా తమ్ముడు వెదకి పంపాడు. అందులో ఒకదానిలో నా ప్రోగ్రాము యంత్రభాషా రూపం భద్రంగా ఉన్నది. అది ఈనాటి కంప్యూటరుపై నడవలేదు. వరుస సంఖ్య 1 గల లిబ్‌జిఫోర్ట్రాన్ కావాలని అడిగి ఆగిపోయింది. కాని జి.సి.సి. తాను తయారు చేసిన ప్రతి ఫైలులోనూ ఒక మూల తన పేరు వ్రాసి పెడుతుంది. నాకు అది తెలియదు, అమ్మాయికి తెలుసు. రీడెల్ఫ్ అనే చిన్న సాధనంతో ఆ మూలను చదివింది. తెర మీద కనిపించినది ఇది: జి.సి.సి. 4.1.2, 20061115, విడుదలకు పూర్వపు ప్రతి, డెబియన్ 4.1.1-21.

అసలైన 4.1.2 విడుదలైనది 2007 ఫిబ్రవరిలో. నేను వాడినది 2006 నవంబరు 15 నాటి ప్రతి. మూట పేరు 4.1.1, లోపలి సరుకు తనను 4.1.2 అని చెప్పుకుంటున్నది, నిజానికి రెండూ కాదు. 2.96 కథ చెప్పి నవ్వుకునే నేను, నా డాక్టరేటును అటువంటి నడిమి ప్రతితోనే సంపాదించానన్నమాట. "మీ గ్రంథం ఏ విడుదలతో చేసినదీ కాదు బాబాయిగారూ" అని అమ్మాయి నవ్వింది.

డెబియన్ వారు 2005 నుంచి తాము పంచిన ప్రతి మూటనూ తేదీల వారీగా భద్రపరచి, ఎవరు అడిగినా ఇచ్చే భాండాగారం ఒకటి నడుపుతున్నారు. ఆ మూట, గీత తరువాతి 21తో సహా, అక్కడ యథాతథంగా ఉన్నది. దానిని, దాని లైబ్రరీని, ఆనాటి మిగతా సామగ్రిని దించి, కంప్యూటరు లోపల ఒక కల్పిత కంప్యూటరులో అమర్చాము. ప్రోగ్రాము ఒక్క ఫిర్యాదు లేకుండా తయారైంది. మూడింటిలో మరొకటి చివరి అంకె దాకా కలిసింది.

రెండు అణువులు ఇంకా కలవలేదు. మాత్రికల గుణకారానికి నేను వేరే లైబ్రరీ ఒకటి వాడాను. నా పాత ప్రోగ్రాములో దాని పేరు మాత్రమే ఉన్నది. ఆ పేరుతో ఆ రోజులలో లైబ్రరీలు ఒకటి కంటే ఎక్కువ ఉండేవి; అది ఎవరు కట్టినదో, ఏ వెర్షనో ఎక్కడా వ్రాసి లేదు. అటక మీద ఇంకొక పెట్టె ఉన్నదట. సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు దించాలి.